చెల్క భూములలో కంప తీయుట: యంత్రపు చేతికి తగిన పనిముట్లు

బౌరంపేట, దుండిగల్, గండిమైసమ్మ మొదలుకొని మేడ్చల్, శామీర్‌పేట వఱకు గల చెల్క భూములలో సాగు మానిన చేను ఏదైనను నాలుగైదేండ్లలో సర్కారు తుమ్మకు ఇల్లగుచున్నది. ఒకప్పుడు ఈ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరు పొందినది. తోటలు చాలవఱకు పోయినవి. రాతి స్తంభములు మాత్రము అక్కడక్కడ నిలిచియున్నవి. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన పిదప భూములు చేతులు మాఱినవి. కొన్నవారు దున్నరు, దున్నగలవారికి హక్కు లేదు. ఇట్టి బీళ్ళలో కాయలు మేసిన మేకలును పశువులును తమ పేడతో ప్రక్క చేలలో విత్తనము చల్లుచున్నవి. సాగులోనున్న రైతు సహితము, గట్టునుండి కంప లోనికి ప్రాకుచుండగా, ఏటేట రెండు మూడు సాళ్ళు దానికి విడిచిపెట్టుచున్నాడు.

ఇప్పుడు ఇట్టి భూమిని మఱల సాగుకు తెచ్చుటకు సాధారణముగా జరుగు పని యిది. రైతు ఉదయమున జేసీబీని పిలిపించును. అది ముందరి వెడల్పు బకెట్టును నేలకు ఆనించి, కంపను, మొద్దులను, గడ్డిని, మన్నును ఏకముగా గట్టు దాపునకు త్రోయును. సాయంకాలమునకు చేను కళ్ళమువలె నున్నగా కనబడును. చూచువారు మెచ్చుకొందురు, రైతు సంతోషముతో బాడుగ చెల్లించును. ఆ వానకాలమున విత్తిన మొక్కజొన్న చేను నడుమ పచ్చబారి మోకాలెత్తున నిలిచిపోవును. గట్టు దాపున, కుప్ప పోసిన చోట మాత్రము మనిషెత్తు పెరుగును. ఎరువు చాలలేదని తలచి బస్తాలు తెచ్చి చల్లుదురు. చేని మీది మన్ను కంపతోపాటు గట్టునకు పోయినదన్న సంగతి తోచదు. ఇంతలో దీపావళి నాటికి తెగిన మొద్దులనుండి పిలకలు లేచును. బాడుగ పోయినది, మన్ను పోయినది, కంప మాత్రము పోలేదు.

పోయిన మన్ను ఎంతయో లెక్క వేసి చూతము. గుంట యనగా 121 చదరపు గజములు. అందు ఒక్క అంగుళము మందమున మన్ను తీసినచో రెండున్నర ఘనమీటర్లు వచ్చును. అనగా ఇంచుమించు ఒక ట్రాక్టరు ట్రాలీ. ఎకరమునకు నలుబది గుంటలు గనుక నూఱు ఘనమీటర్లకు పైబడును. తూకమున 140 టన్నుల దరిదాపు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనపుడు చెఱువు పూడిక మన్నును తమ ఖర్చుతో తోలించుకొన్న రైతులు మనలో ననేకులు కలరు. ముప్పది నలుబది ట్రాలీలు తోలి చేనిలో పఱచుటకు ఎన్ని దినములు పట్టెనో, ఎంత సొమ్మయ్యెనో వారికి జ్ఞాపకముండును. అంత మన్నును వెడల్పు బకెట్టు ఒక్క పూటలో గట్టు పాలు చేయగలదు. అది తీయునది ఒక్క అంగుళముతో ఆగదు కూడ.

నల్లరేగడి లోతైన నేల గనుక ఈ నష్టమును కొంత ఓర్చును. ఎఱ్ఱ చెల్క ఓర్వదు. మీద జానెడు మాత్రము ఇసుక కలిసిన తేలిక మన్ను. దాని క్రింద బంక హెచ్చుగా గల గట్టి పొర. అటుపిమ్మట మొరము, రాయి. ఆకు కుళ్ళి యేర్పడిన సారము చాలవఱకు పై నాలుగైదు అంగుళములలోనే యుండును. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ క్షేత్రమున ఎఱ్ఱ నేలయు నల్ల నేలయు రెండును కలవు. వాన పడినంతనే పైన పొరగట్టి నీటిని ఇంకనీయక పారించు గుణము, కోతకు లోనగు గుణము ఎఱ్ఱ నేలకు గలవని అచ్చటి పరిశోధకులు అనేక సంవత్సరములు పరిశీలించి చూపినారు. విత్తువాని ఉపమానమును వినినవారు ముండ్లలో పడిన విత్తును, రాతినేలను పడిన విత్తును ఎఱుగుదురు. ముండ్లు తీయబోయి రాతినేల తెచ్చుకొనుట మన కాలపు విశేషము.

ఇక తుమ్మ సంగతి. సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దేశములు. 1877 ప్రాంతమున మద్రాసు రాజధాని అటవీ శాఖవారు కడప జిల్లాలోని కమలాపురమున దీనిని వంటచెఱకు కొఱకు నాటించిరి. సర్కారు తెచ్చినది గావున ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. నీరు లేని నేలలో బ్రతుకుటకు దీనికి గల ఉపాయములు రెండు. ఒకటి లోతునకు దిగు తల్లివేరు. రెండవది కాండమునకు వేరునకు నడుమ, నేల మట్టమునకు కొంత దిగువగా నుండు ఉబ్బు. దీనిని వేరుమెడ అందము. నిద్రించు మొగ్గలు అందు గుంపుగా నుండును. గొడ్డలితో నఱికినను, బకెట్టుతో చెక్కినను, అగ్ని పెట్టినను ఈ మెడ నిలిచియున్నంతవఱకు ఒక కాండమునకు బదులు పది పిలకలు లేచును. మెడను అడుగు లోతున, మొగ్గలకు దిగువగా తెంచి పైకి తీసినచో క్రింద మిగిలిన వేరునుండి తుమ్మ మఱల మొలవదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున దీని బంధువైన మెస్కీట్ చెట్టుతో పోరాడు పశుపాలకులు కూడ ఈ పద్ధతినే అనుసరింతురు.

కావున మన పని స్పష్టముగా నున్నది. అడుగు లోతునుండి వేరుమెడ బయటికి రావలెను. అయినను పై మన్ను చేనిలోనే యుండవలెను. ఒకే పనిముట్టుతో ఈ రెండును సాధ్యము కావు. యంత్రము యొక్క చేయి ఒక్కటే యైనను, చేతికి తగిలించు పనిముట్లు పలు విధములు. ఏది అడుగవలెనో ఎఱిగిన రైతుకే అది దొరకును. అడుగనివానికి బండి యజమాని ఎప్పటి బకెట్టునే పంపును.

పేర్ల విషయమున ఒక మాట. మనము జేసీబీ యనునది ముందు వెడల్పు బకెట్టు, వెనుక త్రవ్వు చేయి గల చక్రముల బండి. 1945లో ఇంగ్లండున జోసఫ్ సిరిల్ బాంఫర్డు స్థాపించిన కంపెనీ పేరు బండికే పేరైనది. గొలుసు పట్టాలపై నడచుచు, నడుము త్రిప్పు పెద్ద యంత్రమును ఇటాచీ యనియు పొక్లెయిన్ అనియు అందుము. మొదటిది జపాను కంపెనీ పేరు, రెండవది ఫ్రెంచి కంపెనీ పేరు. ఎవరు చేసినదైనను మనకు కావలసినది పట్టాల యంత్రమే. తుమ్మ ముల్లు రబ్బరు టైరును మన్నింపదు. పైగా ఈ యంత్రము ఒకచోట నిలిచి చుట్టునున్న కంపను చేయి చాచి తీయగలదు; బండి చేనంతయు త్రొక్కనక్కఱలేదు.

మొదటి పనిముట్టు బొటనవ్రేలు. బకెట్టు నాలుగు వ్రేళ్ళ చేయి వంటిది. ఎదురుగా బొటనవ్రేలు లేనిదే దేనిని పట్టుకొనలేదు. చేతికి క్రిందివైపున అమర్చిన ఇనుప కొక్కెము బకెట్టు పళ్ళకు ఎదురుగా వచ్చి నొక్కును. అప్పుడు యంత్రము కాండమును పట్టుకొని పైకి లాగగలదు, దులుపగలదు, కోరిన చోట పెట్టగలదు. ఇది రెండు విధములు. ఒకటి మేకుతో బిగించి కదలకుండ నిలుపునది, చౌక. రెండవది నూనె ఒత్తిడితో తెఱచుకొని మూసికొనునది. పని త్వరగా సాగును. ఈ రెండవ దానిని అడుగుటకు ముందు ఒక విషయము విచారింపవలెను. మన ప్రాంతమున రాళ్ళు ఎక్కువ గనుక ఇటాచీలకు రాతిని పగులగొట్టు బ్రేకరు తగిలించుట వాడుక. బ్రేకరు గొట్టములలో నూనె ఒక దారిన పోయి మఱియొక దారిన తిరిగివచ్చుటతో సరి. బొటనవ్రేలికి తెఱచుటకు ఒక దిక్కుగా, మూయుటకు వేఱొక దిక్కుగా నూనె పోవలెను. బ్రేకరు లైను ఉన్నది గదా యని తెచ్చిన పనిముట్టు చేనిలో పనికి రాక పడియుండుట సంభవము. యజమానిని ముందే, రెండు దిక్కుల లైను కలదా యని అడుగవలెను. లేనియెడల మేకు బొటనవ్రేలు చాలును. ఐదాఱు ఎకరముల పనికి దానితో గొప్ప లోటేమియు లేదు.

రెండవది ఒంటి పన్ను, అనగా రిప్పరు. బకెట్టు తీసి దాని స్థానమున వంగిన ఒకే ఒక బలమైన ఇనుప పన్ను తగిలింతురు. నాగలి కఱ్ఱుకును దీనికిని పోలిక కలదు. మొద్దునకు ఇరుప్రక్కల అడుగున్నర లోతున దింపి లాగినచో ప్రక్క వేళ్ళు తెగును, తల్లివేరు వదులగును, మన్ను మాత్రము తన చోటనే యుండును. పనిముట్లలో నాకు అన్నింటికంటె ఇష్టమైనది యిది. చూపునకు అల్పముగా నుండుటచేత దీనిని అడుగువారు అరుదు.

మూడవది పళ్ళ దంతె. ఇంచుమించు బకెట్టు వెడల్పున, జానెడు మొదలు మూరెడు ఎడముతో వంగిన పళ్ళు గల చట్రము. ఇంగ్లీషున రేక్ అందురు. పెఱికిన కంపను, తెగిన వేళ్ళను ప్రోగు చేయుటకు ఇదియే తగినది. ఏలయన మన్నును చిన్న రాళ్ళును పళ్ళ సందులనుండి జాఱిపోవును. అయినను నేర్పు లేని చేతిలో దంతె సహితము బకెట్టు పనియే చేయును. పళ్ళు నేలలోనికి రెండు మూడు అంగుళములకు మించి దిగరాదు. బారెడు దూరము లాగిన పిదప ఎత్తి దులిపి మఱల వేయవలెను. ఎత్తకుండ చేను పొడవునా లాగిన ఎడల కంప చుట్టుకొని పళ్ళ సందులు మూసికొనును. అటుపిమ్మట అది గోడవలె మన్నును త్రోయును.

పంజావలె రెండు వైపులనుండి మూసికొను పట్టు ఒకటి కలదు. గ్రాపుల్ అందురు. కంప కుప్పలను ట్రాలీలోనికి ఎత్తుటకు మిక్కిలి అనుకూలము. కొంప దగ్గఱ పొయ్యికో, బొగ్గు బట్టీకో మొద్దులను అమ్మదలచినవారికి ప్రయోజనకరము. చేనిలో కుప్ప పెట్టుటకే యైన దాని కొఱకు వేఱు బాడుగ ఇయ్యనక్కఱలేదు. బొటనవ్రేలు ఆ పనిని నిదానముగ చేయును.

మల్చరు సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఈ యంత్రమును చూచినవారు దాని వేగమునకు ముగ్ధులగుచున్నారు. తిరుగు ఇనుప డోలునకు పళ్ళు బిగించియుండును. నిలిచియున్న కంపను అక్కడికక్కడే ముక్కలు చేసి నేలపై పఱచును. మన్ను కదలదు, ముక్కలు నేలను కప్పును, ఇది మంచిదే. గట్టుల మీద, కాలువల వెంట, వాలు నేలలో, మన్ను కదలరాని చోట్ల దీనికి సాటి లేదు. సాగుకు తెచ్చు చేనికి మాత్రము ఇది ఒంటరిగా పనికిరాదు. అది నేల మీదిదానినే నమలును. వేరుమెడ క్రింద క్షేమముగా నుండును. రెండు వానలు పడునప్పటికి పిలకలు లేచును. అంతేగాక మన నేలలో దాగియున్న రాతి గుండ్లు తగిలి ముక్కలు తుపాకి గుండ్లవలె ఎగురును. పాత ద్రాక్షతోట యైనచో ఇనుప తీగలు డోలునకు చుట్టుకొని యంత్రమును ఆపును. పందిరి తీగలు, స్తంభములు, పాత డ్రిప్పు గొట్టములు ఉన్న చేనిలో ఏ యంత్రమైనను దిగుటకు ముందు రెండు దినములు మనుష్యులను పెట్టి తీగలను చుట్టలుగా తీయింపవలెను. పట్టాలలో తీగ చిక్కిన పూట బాడుగ మీటరు మాత్రము ఆగదు.

పని జరుగు క్రమమున రైతులు ముందుగా విడువవలసిన అలవాటు ఒకటి కలదు. యంత్రము వచ్చుటకు ముందు కూలీలచేత కంపను నేల మట్టమునకు నఱికించి, మొద్దులు మాత్రము యంత్రమునకు విడుచుచున్నారు. ఇట్లు చేసిన బొటనవ్రేలికి పట్టు దొరకదు. మొద్దు చుట్టు గొయ్యి త్రవ్వక తప్పదు. గంట పని మూడు గంటలగును. కొమ్మలు నఱికించుకొనుడు, కాని నడుము ఎత్తున కాండమును నిలుపుడు. అదియే యంత్రమునకు పిడి. ఒంటి పన్నుతో మొద్దు ఇరుప్రక్కల వదులు చేయవలెను. పిమ్మట బకెట్టు, బొటనవ్రేలు బిగించి కాండమును నేలకు దగ్గఱగా పట్టి, ముందుకు వెనుకకు రెండు మాఱులు ఊపి, నిటారుగా ఎత్తవలెను. వేరుమెడ చేయి మందమున గఱకుగా, ముడులతో కనబడును. మెడ వచ్చినదా, కాండము విఱిగినదా యని ఒక మనిషి దూరమునుండి చూచి లెక్కింపవలెను. వచ్చిన మొద్దును ఆ గోతి మీదనే ఆడించి మన్ను దులిపి, పిమ్మట ప్రక్కన పెట్టవలెను. అడుగు మందమునకు మించిన కాండము గల చెట్టునకు మూడు వైపుల త్రవ్వక తప్పదు. అప్పుడు మీది మన్ను ఒక ప్రక్క, లోపలి ఎఱ్ఱ మొరము వేఱొక ప్రక్క పోయించి, పూడ్చునపుడు మొరమును ముందు, మీది మన్నును తరువాత వేయించుడు. డ్రైవరు తొందరలో దీనిని తలక్రిందులు చేయును.

చేతిని ప్రక్కకు త్రిప్పి చెట్టును కొట్టి పడవేయుటకు డ్రైవరు ప్రయత్నించిన వారింపవలెను. యంత్రపు నడుమునందలి పళ్ళచక్రము ఎదుటి లాగుడును భరించును గాని ప్రక్క దెబ్బను భరింపదు. చేయి చాచినకొలది ఎత్తు శక్తి తగ్గుట ఏతము ఎక్కినవారికి తెలిసినదే. బరువైన పనిముట్టు తగిలించినపుడు ఈ తగ్గుదల ఇంకను ఎక్కువ. బరువు మొద్దును దేహమునకు దగ్గఱగా తెచ్చుకొనియే ఎత్తవలెను. వాలు నేలమీద దిగువవైపునకు చేయి చాచి ఎత్తరాదు.

పులికంప, అనగా లంటానా పొదలు గల చోట పద్ధతి కొంచెము మాఱును. దాని వేరు లోతునకు పోదు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులు సి.ఆర్. బాబుగారు చూపిన పద్ధతి ప్రకారము, మెడకు కొంచెము దిగువగా వేరును తెంచి పొదను తలక్రిందుగా నిలిపినచో అది ఎండిపోవును. ఇందుకు యంత్రము కంటె గడ్డపార మేలు. పొదలు మిక్కిలి దట్టముగా నున్నపుడు దంతె చాలును. లంటానా ఆకు పశువులకు విషము గనుక పెఱికిన పొదలను దొడ్డి దాపున వేయరాదు.

పని కాలమును గూర్చి. నడి వేసవిలో యంత్రములు ఖాళీగా దొరకునని, చేను ఖాళీగా నున్నదని రైతులు వైశాఖమున పని పెట్టుకొనుచున్నారు. అప్పటి చెల్క ఇటుకవలె గట్టిపడియుండును. లాగినంతనే వేరు మెడకు పైననే విఱుగును. దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన నిదర్శనము ఒకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆంగ్ల ప్రభుత్వమువారు నూనె కొఱత తీర్చుటకు తూర్పు ఆఫ్రికాలోని టాంగనీకాలో లక్షల ఎకరముల అడవిని తొలగించి వేరుశనగ వేయ సంకల్పించిరి. 1947లో కొంగ్వా అను చోట పని మొదలైనది. యుద్ధపు ట్యాంకులను ట్రాక్టరులుగా మార్చిరి. ఓడల లంగరు గొలుసులను రెండు యంత్రముల నడుమ కట్టి చెట్లను లాగిరి. చెట్లు పడినవి గాని వేళ్ళు యంత్రములను విఱిచినవి. అడవి పోయిన ఎఱ్ఱనేల ఎండకు గట్టిపడి, కాసిన కాయలను సహితము పెఱికి తీయుట కష్టమైనది. 1951 జనవరిలో ఆ పథకమును విడిచిపెట్టిరి. మూడున్నర కోట్ల పౌండ్లకు పైగా నష్టమైనది. వారికి యంత్రములు తక్కువై కాదు. నేలను, వేరును, వానను విచారింపక మునుపే యంత్రములను దింపిరి.

మన ప్రాంతమునకు స్వాతి, విశాఖ కార్తెలు అనుకూలము. వానలు వెనుకంజ వేసి, నేలలో తడి మిగిలియుండును. వేసవిలో పెద్ద వాన కురిసిన నాలుగైదు దినములకు కూడ సమయము చిక్కును. జానెడు లోతునుండి పిడికెడు మన్ను తీసి నొక్కి చూడవలెను. ముద్దయై చేతికి అంటిన ఆగవలెను. అప్పుడు పట్టాలు నేలను అణచివేయును. ముద్ద కట్టి, వ్రేలితో తాకగానే రాలిన పని మొదలు పెట్టవచ్చును. పొడియై జాఱిన వేరు విఱుగును. తుమ్మ కాయలు వేసవిలో పండి రాలును గనుక కార్తిక మార్గశిరములలో కంప తీయుటవలన ఆ యేటి విత్తనము కూడ తప్పును.

తీసిన కంపను ఏమి చేయవలెను? అగ్ని పెట్టుట సులభమని అందఱు అదే చేయుచున్నారు. పెద్ద కుప్ప కాలిన చోట మంట వేడికి మన్నులోని జీవము చచ్చి, కొన్ని యేండ్లు పైరు సరిగా రాదు. పొగ ప్రక్క ఇండ్లకు పోయి తగవులగును. లావు మొద్దులను వేఱు చేసి వంటచెఱకునకు గాని బొగ్గునకు గాని అమ్మిన బాడుగలో కొంత తిరిగి వచ్చును. తుమ్మ బొగ్గుకు గిరాకి గలదు. సన్న కంపను వాలునకు అడ్డముగా, సమమట్టమున వరుసలుగా పేర్చిన, వాన నీటి వేగమును తగ్గించి కొట్టుకొనిపోవు మన్నును ఆపును. వాగులోనికి, చెఱువు శిఖములోనికి త్రోయుట పొరుగువారికి చేయు ద్రోహము. కుప్పలో మన్ను కలిసిన వేళ్ళు ఎండవు, తడికి మఱల చిగిర్చును. దులుపుట ఇందుకు కూడ అవసరము.

చేనిలోని వేప, చింత, మోదుగ, తాటి, ఈత చెట్లను కంపతోపాటు పడగొట్టరాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా ప్రకారము చెట్లు కొట్టుటకు అనుమతి పొందవలెను. ఏ జాతులకు మినహాయింపు గలదో అటవీ శాఖవారు చెప్పుదురు. తాటి, ఈత చెట్ల విషయమున ఆబ్కారీ శాఖవారి అనుమతి కూడ కావలయును. నిలుపదలచిన చెట్లకు ముందునాడే సున్నము పట్టె వేయించినచో డ్రైవరుతో వాదము రాదు.

అపాయములను గూర్చి కొంచెమే చెప్పెదను గాని దీనిని తేలికగా తీసికొనకుడు. పనిముట్టును చేతికి త్వరగా తగిలించు కప్లరునకు భద్రతా మేకు ఉండును. తొందరలో దానిని పెట్టకుండ పని చేయగా బకెట్టు ఊడిపడి మనుష్యులు మరణించిన ఉదంతములు విదేశములలో అనేకము కలవు. పనిముట్టు మార్చిన ప్రతిమాఱు మేకును కంటితో చూడవలెను, పిమ్మట పనిముట్టును నేలకు నొక్కించి పరీక్షింపవలెను. చేయి చాచిన దూరమునకు రెండింతల లోపల మనిషి గాని పశువు గాని ఉండరాదు. వంగిన కొమ్మ విడివడి కొట్టు దెబ్బ గొడ్డలి దెబ్బ కంటె ఎక్కువ. చేని మీదుగా పోవు 11 కె.వి. తీగలు వేలాడుచుండిన, విద్యుత్తు శాఖవారికి తెలిపి సరఫరా నిలిపించినగాని క్రింద పని చేయింపరాదు. బోరు గొట్టములు, మోటారు తీగలు పోవు చోట ముగ్గు వేయుడు. పొదలలో రక్తపింజర, కట్లపాము కాపురముండును. కంప ఏఱువారికి బూట్లు, తోలు చేతొడుగులు ఇయ్యక పంపరాదు.

బాడుగ మాట. ఎకరమునకు ఇంతయని గుత్తకు ఇచ్చిన డ్రైవరు వేగముగా ముగింపజూచును. వేగమునకు దగ్గఱి దారి బకెట్టుతో చెక్కుట. గంటకు ఇంతయని ఇచ్చిన సాగదీయునన్న భయము. రెండింటిలో నేను గంటల లెక్కనే మేలందును, కాని ఒక షరతు పెట్టవలెను: మొదటి రెండు గుంటలు పరీక్ష. అవి ముగిసిన పిదప యంత్రమును ఆపించి కుప్పను చూడుడు. గడ్డపారతో కుప్పను కదల్చి, అడుగున మన్ను ఎంత గలదో, పెఱికిన పది మొద్దులలో ఎన్నింటికి మెడ యున్నదో లెక్కింపుడు. ఎనిమిదింటికి తక్కువైనచో పనిముట్టు మార్పవలెను, లేదా నేల తడి చూడవలెను. గంటల మీటరు అంకెను పని మొదట, చివర ఇరువురు కలిసి వ్రాసికొనవలెను. ఇటాచీ దొరకక జేసీబీయే గతియైనచో, ముందరి బకెట్టును వాడవద్దని చెప్పి, వెనుక చేతికి వెడల్పు తక్కువైన బకెట్టు పెట్టించి మొద్దు మొద్దునకు తీయింపుడు. నిదానమగును గాని మన్ను మిగులును.

ఇటాచీని లారీమీద తెచ్చి తీసికొనిపోవు ఖర్చు ఎకరమునకైనను పది ఎకరములకైనను ఒక్కటే. దగ్గఱ దగ్గఱ చేలు గల సభ్యులు ఐదుగురు కలిసిన ఈ ఖర్చు ఐదవ వంతునకు దిగును. ఒంటి పన్నును పళ్ళ దంతెను సంఘమే చేయించి ఉంచుట మేలని నా అభిప్రాయము. యంత్రము కొనుట మన శక్తికి మించినది. ఈ రెండును మంచి ఇనుము పని తెలిసిన వర్క్‌షాపులో చేయింపదగినవి. మేకుల మందము, చెవుల నడుమ ఎడము యంత్రమునకు సరిపోవలెను గనుక ముందు మన ప్రాంతమున బాడుగకు తిరుగు ఇటాచీల కొలతలు తీసికొని, ఎక్కువ వాటికి సరిపోవు కొలతను నిర్ణయింపవలెను.

కంప తీసిన చేనిని ఉత్త నేలగా ఉంచరాదు. గోతులు పూడ్చి, దంతె తోలి, తడి యుండగనే ఉలవలు చల్లవలెను. వానకాలపు మొదట పని ముగిసినచో జనుము గాని పిల్లిపెసర గాని వేసి పూతలో కలియదున్నవలెను. ఒక్క మాఱుగా పది ఎకరములు విప్పి సగము విత్తలేక విడుచుట కంటె, విత్తగలిగినంతయే విప్పుట మంచిది. తుమ్మ విత్తనము నేలలో అనేక సంవత్సరములు బ్రతికియుండును గనుక మొదటి మూడేండ్లు ప్రతి వాన వెనుక చేను తిరిగి చూడవలెను. నాలుగాకుల మొలక తడి నేలనుండి రెండు వ్రేళ్ళతో వేరుతో సహా వచ్చును. కాయ రాలు నెలలలో బీటినుండి వచ్చు మేకలను పగలు చేనిలో నిలుపనీయరాదు.

ఈ కార్తెలలో పని చేయింపగోరు సభ్యులు తమ సర్వే నంబరు, గుంటలు, కంప ఎత్తు, చేనిలో రాతి స్తంభములు గాని తీగలు గాని కలవా, పెద్ద యంత్రము వచ్చుటకు బాట కలదా యను సంగతులను చిత్త కార్తెలోపల సంఘ కార్యదర్శికి వ్రాసి యిచ్చినచో, దగ్గఱి చేలను ఒక వరుసగా కూర్చి దినములు నిర్ణయింపవచ్చును. బాట లేని చేలకు ప్రక్క రైతు సమ్మతిని కూడ ముందే పొంది, ఆ సంగతిని ఆ కాగితముననే వ్రాయవలెను.